గోరు తెల్లబడేదాకా

ప్రియమైన ఓడవంట దొరసానికి,

ఫోన్లో అయితే ‘అంతా బాగుంది’ తప్ప ఇంకో ముక్క మీ నోట రాదు, ఉత్తరమే రాయండి అని ఆజ్ఞాపించి ఓడెక్కావు. రాస్తున్నాను. సముద్రం మధ్యలో నీకు సిగ్నలు ఎలాగూ ఉండదు. వచ్చే రేవులో నీకంటే ముందే ఈ కవరు దిగి ఉంటుందని మీ కంపెనీ గుమాస్తా మాటిచ్చాడు.

అసలు సంగతి ముందు చెప్తాను. మన బొంగరానికి వీడియో వైద్యం మొదలైంది. చిన్నపిల్లకు కీళ్లవాతం ఏమిటని ఆసుపత్రి వరండాలో మనిద్దరం నోరు తెరుచుకుని కూర్చున్నాం చూడు, ఆ డాక్టరమ్మే. అక్కడికి రైలూ బస్సూ మారి వెళ్లొచ్చేసరికి పిల్ల మోకాళ్లు కొయ్యబారుతున్నాయని, ఇకమీదట ఫోన్లోనే చూస్తానన్నారు. రక్తపరీక్షలు మాత్రం ఇక్కడ చేయించి పంపాలి.

‘‘వాపు కొంతవరకు తెరలో చూడగలను గానీ, నొప్పి నాకు కనబడదండీ. నా బదులు మీరే నొక్కాలి. కీలు మీద బొటనవేలు పెట్టి, మీ గోరు తెల్లబడేదాకా నొక్కండి. అంతకంటే ఎక్కువొద్దు, తక్కువొద్దు. పాప నొప్పి అంటే నాకు చెప్పండి’’ అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా మణికట్టు, వేళ్లు, మోకాళ్లు, చీలమండలు అన్నీ వరసగా నొక్కాను. నొక్కినప్పుడల్లా గోరు చూసుకున్నాను, తెల్లగానే ఉంది. బొంగరం ప్రతిదానికీ ‘‘లేదు’’ అంది. డాక్టరమ్మ సంతోషించారు. ఇలాగే ఉంటే మందు కొంచెం తగ్గిద్దామన్నారు. లేదంటే సూదిమందు మొదలుపెట్టాలట. వారం వారం, ఇంట్లోనే, నా చేత్తో. నీకు టీకా వేస్తుంటే పక్కన నిలబడ్డ నేను పడిపోయి, నర్సు నిన్నొదిలేసి నా మొహాన నీళ్లు కొట్టిన సంగతి ఆవిడకేం తెలుసు. బొంగరం మాత్రం ఇప్పటికీ దాన్ని పక్కింటివాళ్లకు నటించి చూపిస్తూనే ఉంది.

అన్నట్టు అది ఈమధ్య మెట్లు నడిచి దిగడం మానేసి, కూర్చుని ఒక్కొక్కటే జారుతూ దిగుతోంది. కొత్త ఆట. చూస్తే నువ్వు నవ్వుతావు.

ఇట్లు,
నీ పిరికి రంగుల మేస్త్రీ


ప్రియమైన మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం వంటగదిలో పొయ్యి పక్కన నిలబడే చదివాను. టీకా కథ చదివి వినిపిస్తే గిన్నెలు తోమేవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను.

అది ఆట కాదేమోనండీ. ఏ పూట అలా దిగుతోంది? పొద్దున లేవగానేనా? లేవగానే కీళ్లు బిగుసుకుంటున్నాయా అనే కదా ఆసుపత్రిలో మొట్టమొదట అడిగారు. ఆటైతే సాయంత్రం కూడా ఆడాలి. ఒక్కరోజు పనికి ఆలస్యంగా వెళ్లి, అది మంచం దిగేటప్పుడు తలుపు చాటునుంచి చూడండి.

ఇంకో సంగతి. మీ గోళ్ల గురించి మీకంటే నాకే బాగా తెలుసు. పెళ్లినాటి ఫొటోలో కూడా మీ బొటనవేలికి సున్నం ఉంది. ఎప్పుడు చూసినా లప్పమో, సున్నమో, తెల్ల ప్రైమరో. మీ గోరు నొక్కకముందే తెల్లగా ఉంటుంది కదా, మీరు చూసుకున్న తెలుపు ఏ తెలుపు? బొంగరాన్ని ఊరికే తాకి వదిలేస్తున్నారేమో. మీ సంగతి నాకు తెలియనిదా, దాని జడ కూడా గట్టిగా బిగించలేరు.

భయమేస్తోంది. ఈ రేవులో వంటవాళ్లను ఒడ్డుకు దిగనివ్వడం లేదు, ఫోను చేద్దామన్నా వీల్లేదు. ఇదంతా తేలేదాకా దయచేసి మందు తగ్గించనివ్వకండి.

మీ
ఓడవంటమనిషి


ప్రియమైన దొరసానికి,

నీ జాబు ఇంకా రాలేదు. ఆగలేక నేనే రాస్తున్నాను. శుభవార్త, మందు తగ్గించారు.

ఈసారి కూడా అన్నీ ‘‘లేదు’’లే. మోకాలు కొంచెం ఉబ్బుగా ఉన్నట్టుందే అని డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. నేను పనికి వాడే పెద్ద లైటు తెచ్చి సరిగ్గా మోకాలికి ఎదురుగా పెట్టాను. చివరి పూత వేసిన గోడలా నున్నగా కనబడింది. ‘‘సరే, పాప కూడా నొప్పి లేదంటోంది కదా. ఏ కొంచెం తేడా వచ్చినా వెంటనే చెప్పండి’’ అన్నారు. నువ్వు ఉండుంటే ఆ లైటు పెట్టినందుకు నన్ను మెచ్చుకునేదానివి.

బొంగరం జుట్టు కురచగా కత్తిరించుకుంది. చేతులు పైకెత్తి జడ వేసుకోవడం విసుగట. మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది, పెద్దమనిషి తరహా వస్తోంది దీనికి. బడికి నేనే సైకిలు మీద దింపుతున్నాను. అడిగితే కాదనలేను కదా.

అంతా బాగానే ఉంది. అయినా నిచ్చెన మీద ఉండగా ఫోను మోగినట్టు వినబడుతుంది. ఇంటికి ఉన్నదొక్క ఫోను, అది బొంగరం దగ్గరే వదిలి వస్తున్నాను. గబగబా దిగి, జేబులు తడుముకుని, మళ్లీ ఎక్కుతున్నాను. తోటి పనివాళ్లు నవ్వుతున్నారు. దేనికి భయపడుతున్నానో నాకే తెలియదు.

నీ
మేస్త్రీ


ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం ఇంటికి కాదు, మీరు రంగులు కొనే కొట్టు అడ్రసుకు పంపుతున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

రేవులో దిగగానే మీ రెండో ఉత్తరం చేతికిచ్చారు. మందు తగ్గించారని చదివాను, నా జాబు మీకు అందనే లేదన్నమాట. జుట్టు కత్తిరించుకున్నది విసుగుతో కాదండీ, చేతులు పైకి లేవక. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నది ఒక చెయ్యి పట్టు చాలక. మీరు మురిసిపోతూ రాసిన ప్రతి మాటా నాకు సూదిలా గుచ్చుకుంది.

పరుగెత్తి ఫోను చేశాను. బొంగరమే ఎత్తింది. ‘‘నాన్న పనికెళ్లాడు, నేను బాగున్నానమ్మా’’ అంది. ఆ గొంతు బాగున్న గొంతు కాదు. ‘‘నామీద ఒట్టు వేసి చెప్పు’’ అన్నాను. అప్పుడు గుసగుసగా అంది: ‘‘నొప్పి అంటే సూది వెయ్యాలంట కదమ్మా. నాన్నే వెయ్యాలంట. నాన్న వల్ల కాదమ్మా, పడిపోతాడు. నేను ఓర్చుకుంటాలే.’’

ఇంకేదో అడిగేలోపే పెట్టేసింది. మళ్లీ మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఫోన్లో మీకు ఏం రాసి పెట్టినా ముందు చదివేది అదే, చదివి చెరిపేస్తుంది. కొట్టు నంబరూ, డాక్టరమ్మ నంబరూ నా దగ్గర లేవు, మీరు ఇంటికి వచ్చేలోపే ఓడ కదిలిపోతుంది. ఈలోగా నేను చేయగలిగింది ఈ ఉత్తరం ఒక్కటే. మా కంపెనీ ఏజెంటు కాళ్లావేళ్లా పడి విమానం టపాలో వేయిస్తున్నాను.

సున్నంతో ముందే తెల్లగా ఉన్న గోరు చూసుకుని మీరు తక్కువ నొక్కారు, అది నొప్పి దాచింది. మధ్యలో డాక్టరమ్మ ఏం చూస్తారు, పాపం. కీలు ఒకసారి అరిగిపోతే మళ్లీ రాదని ఆవిడే అన్నారు. నా బొంగరం కుంటుతుందేమోనన్న తలపే తట్టుకోలేకపోతున్నాను. నాకు ఇంకేమీ వద్దు, మీరు ఆ గోళ్లు శుభ్రంగా కడుక్కోండి. గట్టిగా నొక్కండి. అది ఏడ్చినా నొక్కండి.

మీ


ప్రియమైన నీకు,

నీ ఉత్తరం కొట్టువాడే పని దగ్గరకు తెచ్చిచ్చాడు. నిచ్చెన మీదే చదివాను. ఎలా దిగానో, ఇంటికి ఎలా చేరానో అడగకు.

పెరట్లో కూర్చుని టర్పెంటైన్‌తో ఒకసారి, సబ్బుతో ఒకసారి, పాత బ్రష్షుతో ఒకసారి గోళ్లు తోముకున్నాను. అడుగున గులాబీ రంగు గోరు బయటపడింది. బొంగరం గుమ్మంలో నిలబడి చూస్తోంది. ‘‘అమ్మ చెప్పేసిందా?’’ అంది. నేను తల ఊపాను. అది ఏడవలేదు. నాకే ఆగలేదు.

మా వంతు కాకపోయినా డాక్టరమ్మకు ఫోను చేశాను. నా గోళ్ల సంగతి, నీ అనుమానాలు, ఏదీ దాచకుండా అన్నీ చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ‘‘తెల్లబడేదాకా అన్నాను గానీ, ముందు ఏ రంగులో ఉందో చూపించమనలేదు. అది నా పొరపాటు. ముందు ఆ లైటు పక్కకు జరపండి’’ అన్నారు. జరిపాను. సిగ్గుతో చచ్చిపోయాను. లప్పం పెట్టిన గోడ సరిగా వచ్చిందో లేదో చూడాలంటే ఎవరైనా లైటు పక్కనుంచే వేస్తారు, ఎదురుగా వేస్తే ఎత్తుపల్లాలు కనబడవు. బతుకంతా చేసిన పని ఇది. పక్కనుంచి వెలుగు పడగానే మోకాలి రెండు వైపులా వాపు నిండుగా కనబడింది.

తర్వాత నొక్కమన్నారు. నా వల్ల కాలేదు. బొటనవేలు మోకాలి మీద పెట్టి తీసేశాను. నువ్వు రాసిన ‘ఏడ్చినా నొక్కండి’ అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది.

‘‘నాన్నా, నువ్వు కళ్లు మూసుకో. గోరు నేను చూస్తా’’ అంది నీ కూతురు.

మూసుకున్నాను. ‘‘ఇంకా. ఇంకా తెల్లబడలేదు. ఇంకొంచెం నాన్నా. ఆ, చాలు’’ అని చెప్పి, ఊపిరి బిగబట్టి, ‘‘నొప్పి’’ అంది. మణికట్టు దగ్గర ‘‘నొప్పి’’. చీలమండ దగ్గర ‘‘నొప్పి’’. డాక్టరమ్మ ఒక్కొక్కటీ రాసుకున్నారు. నేను కళ్లు తెరవలేదు.

మందు మళ్లీ మునుపటంత చేశారు, సూదిమందు మొదలుపెట్టారు. మోకాలికి నష్టం జరిగిందో లేదో ఎక్స్‌రే తీయించి పంపాక చెబుతానన్నారు. చెయ్యిదాటిపోలేదనే అనుకుంటున్నానని మాత్రం అన్నారు. ఆ ‘అనుకుంటున్నాను’ పట్టుకుని వేలాడుతున్నాను. ఇంతకంటే బాగుందని నీకు రాయను.

మొదటి సూది నిన్న వేశాను. అంతకుముందు ఆసుపత్రి నర్సు వీడియోలో దగ్గరుండి దిండు మీద నేర్పింది. ఆ దిండుకు ఇక ఏ జబ్బూ రాదని బొంగరం అంటోంది. పడితే ఎక్కువ దూరం పడకుండా నేల మీదే కూర్చున్నాను. తొడ మీద చర్మం వేళ్లతో పట్టుకున్నాను. ఈసారి కళ్లు మూసుకునే వీల్లేదు. చెమటలు పట్టాయి, చెవుల్లో హోరు, దాని మొహం నాకు రెండుగా కనబడింది. వేశాను. మందు అంతా వెళ్లేదాకా చెయ్యి కదపలేదు. పడిపోలేదు.

తీశాక అడిగాను, ‘‘నొప్పిగా ఉందా తల్లీ?’’ అని.

అది నా మొహంలోకి చూసింది. అబద్ధమాడదామా వద్దా అని ఆలోచిస్తోందని నాకు తెలుసు.

‘‘ఉంది నాన్నా’’ అంది.

నీ
మేస్త్రీ