మూడోసారి అడిగినప్పుడు

అయోవా రాష్ట్రం డబ్యూక్ పట్టణ కాపురస్తుడను, అరవై ఎనిమిదేళ్లవాడను, వెండెల్ క్రూగర్ అను నేను, మతి సవ్యంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఏమనగా:

ఆసుపత్రి బిల్లులు తప్పుగా రాసిన నేరానికి ఫెడరల్ జడ్జి నాకు నాలుగేళ్లు వేశారు. వచ్చే మంగళవారం మధ్యాహ్నం రెండింటిలోపు నా అంతట నేనే జైలు గేటు దగ్గర హాజరు కావాలి. నా గుండె మూడేళ్లు లాగుతుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. నాలుగో ఏడు మాట ఎత్తితే గోడ వంక చూశాడు. ఆ నాలుగో ఏడు నా చేజేతులా తెచ్చుకున్నది.

1. ఇల్లు, కారు నా భార్య లోరెట్టాకు. కారు బ్రేకులు మార్పించాలి. మూడు నెలలుగా మొత్తుకుంటున్నాను.

2. రాయి ఉన్న ఉంగరాన్ని జైలు లోపలికి రానివ్వరు. కాబట్టి నా పెళ్లి ఉంగరం కూతురు జనీన్‌కు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. దాని బదులు లోరెట్టా కొని తెచ్చిన నున్నటి ఉంగరం నా వేలికి కాస్త వదులు. నేను పోతే దాన్ని తీయవద్దు.

3. బావమరిది మెర్ల్‌కు నా చేపల పడవ ఇవ్వకూడదు. నా మంచితనం గురించి జడ్జికి ఉత్తరం రాయమంటే, "మా బావ ఎలాంటి రూలుకైనా పక్కదారి కనిపెట్టగల సమర్థుడు" అని రాశాడు. ప్రాసిక్యూటరు దాన్ని కోర్టులో రెండుసార్లు చదివాడు. పడవ అమ్మేయండి. తెడ్లు మాత్రం మెర్ల్‌కు ఇవ్వండి.

4. ఇది రాయడానికి చేయి రావడం లేదు. శిక్షకు ముందు కోర్టు తరఫున ప్రొబేషన్ అధికారి వచ్చి, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నివేదిక కోసం నా జీవితమంతా రాసుకున్నారు. జైలువాళ్లు నమ్మేది ఆ నివేదికనే. "తాగుతారా?" అని అడిగారు. "క్రిస్మస్‌కి ఒక గ్లాసు వైనండీ" అన్నాను. మళ్లీ అడిగారు. మూడోసారి అడిగినప్పుడు, పక్కనే ఉన్న లోరెట్టా బల్ల కింద నా కాలు తొక్కింది. నోరు మూసుకోమంటోందనుకుని, "అంతేనండీ" అన్నాను.

శిక్ష పడ్డాక గస్ వచ్చాడు. జైలుకు వెళ్లబోయేవాళ్లకు తర్ఫీదు ఇస్తాడు. తనూ లోపల ఉండి వచ్చినవాడే. నివేదిక చూసి తల బాదుకున్నాడు. "ఏం మనిషివయ్యా నువ్వు! తాగుతానని చెప్పుంటే లోపల మాన్పించే తరగతిలో వేసేవాళ్లు. అది పూర్తిచేస్తే ఏడాది తగ్గేది. పరువు కోసం ఏడాది పారేసుకున్నావు కదయ్యా!" ఇక దిద్దడం కుదరదని లాయరు తేల్చేశాడు.

కాబట్టి ఇక్కడ సంతకం పెట్టి ఒప్పుకుంటున్నాను. పందొమ్మిదేళ్లుగా రోజూ తాగుతున్నాను. గరాజులోని పనిముట్ల పెట్టె మూడో అర తాళంచెవి లోరెట్టాకు. సీసాలు పారబోయాలి.

5. పై అంశానికి సవరణ. నిన్న ఇదంతా లోరెట్టాకు చదివి వినిపించాను. ఆమె లేచి వెళ్లి తన తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద పడేసింది. ఆ అర తాళంచెవి అందులో ఉంది. "పందొమ్మిది కాదు, ఇరవై రెండు! ఒప్పేసుకో మొద్దూ అనే కదా ఆ రోజు కాలు తొక్కింది!" అని భోరున ఏడ్చింది. అందుచేత పందొమ్మిది కొట్టేసి ఇరవై రెండు అని చదువుకోవాలి. తాళంచెవి ఆమెకు కొత్తగా రాసివ్వనక్కర్లేదు.

ఆస్తి పుచ్చుకునే మనిషి గనుక లోరెట్టా సాక్షి సంతకం చేయకూడదన్నారు. అందుకని ఏమీ చూడని ఇద్దరిచేత చేయించాను.

2019 నవంబరు 7
(సం.) వెండెల్ క్రూగర్

సాక్షులు:
1. గస్ హాల్వర్సన్
2. ఐరీన్ ష్మిట్, పక్కింటావిడ