గుర్రపుడెక్క కవరు

దివిసీమ,
14-11-2024

బందరు కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీవల్లమ్మ గారికి,

నా పేరు నాంచారమ్మ. వయసు డెబ్భై దాటింది. ఇంట్లో నేనూ, చూపు మందగించిన మా ఆయనా. నాకు అక్షరం రాదు గనుక చెప్పి రాయిస్తున్నాను. మీరు క్షేమమని తలుస్తాను. నా క్షేమం అడక్కండి.

మీరిచ్చిన కవర్లు మార్కెట్ తనిఖీవాళ్ళు పట్టుకుపోయారమ్మా. ప్లాస్టిక్ వాడుతున్నానట. కాదని సోమవారంలోగా తేల్చకపోతే మార్కెట్లో నా చోటు తీసేస్తారట. మా అత్త కూర్చున్న చోటది. ఎండుచేపలు అమ్మడం తప్ప నాకింకేం చేతనవును?

నేనూరుకోలేదు. మేడంగారు కాలవలో పెరిగే గుర్రపుడెక్క కోసి, ఉడకబెట్టి, తెల్లబరిచి, కంటికి ఆనని పీచుగా నూరి, ఆ గంజిని గాజు పలక మీద ఆరబోసి పూతరేకులా ఒలిచారు, దగ్గరుండి చూశానని చెప్పాను. తనిఖీకొచ్చిన గోవర్ధనరావు నవ్వాడు. డెక్క ఇలా మెరుస్తుందా మామ్మా, ఇంకో కథ చెప్పు అన్నాడు. గుంజి చూశాడు, తెగలేదు. ఇంకేం, ప్లాస్టిక్కే అన్నాడు. నానబెట్టి చూడవయ్యా అంటే, నాకంత తీరిక లేదు, చేసిన మేడంగారినే తీసుకురా అన్నాడు.

పైగా కొత్తరకం ప్లాస్టిక్ అని నేనే అందరికీ చెప్పానట. చెప్పాను. మురుక్కాలవ డెక్కతో చేసిందంటే అందులో చుట్టిన ఎండు మెత్తళ్ళు ఎవరు నోట పెడతారు? మీరు చదువుకున్నారు గానీ మార్కెట్లో కూర్చోలేదు.

అలిసిపోయానమ్మా. చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. చేప కనపడుతోంది, వాసన బయటికి రావట్లేదు అని మెచ్చుకున్నవాళ్ళే ఇప్పుడు తప్పుకుని నడుస్తున్నారు. సోమవారం తొలి బస్సుకి రండి. ఇది డెక్కే, నేనే చేశాను అని ఒక్క మాట చెప్పండి. రాకపోతే మీ కాలేజీ గుమ్మంలోనే తట్ట దించుతాను.

ఇట్లు,
నాంచారమ్మ (ఎడమ బొటనవేలి ముద్ర)
సాక్షులు: పిచ్చేశ్వరరావు, రిటైరైన పోస్ట్‌మాన్, ఈ ఉత్తరం రాసినవాడు
అమ్మాజీ (వేలిముద్ర)

తా.క.: తనిఖీవాళ్ళకి నా మీద చెప్పిందెవరని అడుగుతారు. పైన వేలిముద్ర వేసిన అమ్మాజీయే. నా తోడికోడలు, పక్క చోటు ఆవిడది. ప్లాస్టిక్ వద్దన్నారని బుద్ధిగా పాత పేపర్లో చుట్టి అమ్ముతుంటే బేరాలన్నీ నావైపు వచ్చాయి. నేను చెప్పిన ప్లాస్టిక్ మాట నమ్మింది పిచ్చిది. ఇంట్లో మిగిలిన కవరు చెంబులో నానేసి, నలిపి చూపించాను. పీచు చేతికంటుకోగానే ఏడ్చింది. తిట్టాను. సోమవారం తనూ వచ్చి మాట వెనక్కి తీసుకుంటానంది. ఆవిడకీ కవర్లు తెండి. ఈసారి ఇద్దరం డెక్క కవరనే కేకేసి అమ్ముతాం. ఎవరూ కొనకపోతే ఇద్దరం కలిసే ఈగలు తోలుకుంటాం.