కలం మూత చప్పుడు

ప్రూఫుల గది,
జూన్ 14, శనివారం మధ్యాహ్నం.

మహా గౌరవనీయులైన ఎర్రకలం గారికి,

తమరు అచ్చు ప్రూఫులు దిద్దుతుంటే ఎదుటి కుర్చీలో పదకొండేళ్లు కూర్చుని రాతప్రతులు పైకి చదివి వినిపించిన రీడరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ తమరు క్షేమంగా ఉన్నారని తెలిస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

మర్యాద ఇంతటితో చాలు. ఒసేయ్, పది రోజుల్నించి ఫోను ఎత్తవేం? రాజీనామా కాగితం మేనేజరు బల్ల మీద పడేసి, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోతావా? నీ టీ కప్పు ఇక్కడే ఉంది. కడగలేదు, కడగను కూడా.

నీ కుర్చీలో బైండింగు పెద్దాయన్ని కూర్చోబెట్టారు. నేను కామా, ఫుల్‌స్టాపు అని పలికినప్పుడల్లా ఆయనకు నవ్వు. అవి కూడా చదవాలా అమ్మా అని అడిగాడు. చదవకపోతే ప్రూఫులో అవి ఉన్నాయో లేవో మీకెలా తెలుస్తుందండీ అని కసిరాను. మధ్యలో నా బుర్ర ఎటో వెళ్లిపోయి నోరు ఆగిపోతే, పాపం మర్యాదగా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. నువ్వైతే కలం మూతతో బల్ల మీద టక్కున కొట్టేదానివి.

నా బుర్ర సంగతి నీకు తెలియనిదేముంది? నోరు చదువుతుంటే లోపల పాలు పొంగుతుంటాయి. తాళం వేశానా, అత్తగారి కంటి డాక్టరు మంగళవారమా, బుధవారమా? మూడేళ్ల కిందట ఆడపడుచు అన్న మాటకు ఇప్పుడు జవాబు తడుతుంది. ఊరికే ఆలోచించకు అంటాడు మా ఆయన, అదేదో కుళాయి కట్టేసినట్టు. మర్నాడు పొద్దున్నే తన కళ్లజోడు ఎక్కడుందో ఆ బుర్రనే అడుగుతాడు! ఇంటిల్లిపాదికీ గుర్తుపెట్టుకునే పని నాది, ప్రశాంతంగా ఉండమనే సలహా వాళ్లది.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? లోపలి రేడియో కాసేపు కట్టెయ్యవే అన్నావు. పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోమన్నావు. నీ మీద పంతంతో నెల రోజులు కూర్చున్నాను. ఫ్యానుకు నూనె వేయించాలని గుర్తొచ్చింది, అంతే.

తర్వాత కిందటి నెల ఆఖరి బుధవారం. దగ్గుమందు సీసాతో పాటు పెట్టే కాగితం చదువుతున్నాం. ఉన్నట్టుండి లోపల అన్నీ ఆగిపోయాయి. పాలు లేవు, తాళం లేదు, ఆడపడుచు లేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీదుగా నీ చేతి దాకా వచ్చి ఉంది. నలభై రెండేళ్లలో మొదటిసారి నా తలలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఏడుపొచ్చేంత హాయిగా ఉందే! ఎంతసేపో తెలియదు. తేరుకుని మళ్లీ చదివాను. సాయంత్రం నీకు చెబుదామనుకుని, చెబితే పోతుందేమోనని ఊరుకున్నాను.

వారం తిరక్కుండా ఆ కాగితాలన్నీ వెనక్కి వచ్చాయి. రెండేళ్లలోపు పిల్లలకు ఈ మందు ఇవ్వరాదు అన్న వరుస లేదు. పెట్టెల్లో సర్దకముందే మందుల కంపెనీవాళ్లు చూశారు కాబట్టి ఏ పసిబిడ్డకూ ఏమీ కాలేదు. ప్రూఫు మీద సంతకం నీది, సంతకం ఎవరిదైతే తప్పు వాళ్లదని ఇక్కడి పద్ధతి. ఎక్కడో చూపు తప్పిందండీ అని మేనేజరుతో అన్నావట. నీ చూపా! తలకిందులైన కామాను గుమ్మంలోంచి పట్టే చూపు! నువ్వు చెప్పడమూ, ఆయన నమ్మడమూ! పదకొండేళ్ల పేరును ఒక్క మాటతో తుడిచేసుకుంటావా? పోట్లాడవేం?

ఆ నిశ్శబ్దం మళ్లీ రాలేదు. ఇప్పుడు పాలూ తాళమూ కూడా లేవు. ఆ ఒక్క వరుసే పొద్దస్తమానం తలలో తిరుగుతోంది.

ఇంకా తిట్టడానికి కాగితంలో చోటు లేదు.

ఇట్లు,
నీ ఎదుటి కుర్చీ

తా.క.: ఈ మాట పైనే రాద్దామని నాలుగు కాగితాలు చించాను. ఆ వరుస కంపోజింగులోనే పోయింది. అది ఉన్నది నా చేతిలోని రాతప్రతిలో మాత్రమే. నేను ఆగింది సరిగ్గా దాని ముందు. తేరుకుని కింది వరుస నుంచి చదివాను. నేను చదవనిది ప్రూఫులో లేదని నీకెలా తెలుస్తుంది? తర్వాత రాతప్రతి చూసి కూడా నా పేరు ఎత్తలేదు నువ్వు. ఇవాళ పొద్దున ఇదంతా రాసి, సంతకం పెట్టి మేనేజరుకు ఇచ్చాను. సోమవారం ఇద్దర్నీ రమ్మన్నాడు. పోతే నా ఉద్యోగం పోవాలి, నీది కాదు.

ఇంకొకటి. ఆ రోజు నేను ఆగగానే నువ్వు మూత ఎత్తావు. ఓరకంట చూశాను. నా ముఖం చూసి, చప్పుడు కాకుండా దించేశావు. పదకొండేళ్లలో ఆ ఒక్కసారే. నా కోపమంతా అందుకే. సోమవారం వచ్చి ఆ మూత కొట్టు.