గరిక పట్టిన కోట కట్ట

బోధన్, సెప్టెంబరు 1964

అవ్వకు పెద్దకొడుకు రాజేశ్వర్ దండాలు. ఇక్కడ కోట కట్ట కూలిందని ఎవరో చెబితే నువ్వు అన్నం ముట్టలేదట. జారింది రెండు బండ్ల మట్టి మాత్రమే. నాకేమీ కాలేదు.

పాతకోట చుట్టూ ఉన్న మట్టికట్ట వానలకు కరిగిపోకుండా, పొలం గట్ల మీద బాపు చేసినట్టే, వాలు పొడవునా గరిక నాటించాను. "గడ్డి కోటను ఆపుతదా మేస్త్రీ?" అని ఓవర్సీరు నవ్వాడు. వినాయక చవితి పొద్దున ఆడవాళ్లు పూజకని కట్టెక్కి గరికను వేళ్లతో సహా పీక్కుపోయారు. దేవుడి పని, వద్దనలేకపోయాను. నేనూ ఒక పిడికెడు పీకాను. మర్నాడు పెద్దవాన. సరిగ్గా మేము పీకిన చోటే మట్టి జారి, నేను అద్దెకుండే ఇంటామె హుసేన్ బీ పెరట్లో పడింది. మిగతా కట్ట చెక్కుచెదరలేదు. ఆమె తిడుతుందనుకున్నాను.

"పీకిన కాడనే జారింది బిడ్డా, గడ్డి ఉన్నకాడ గట్టిగున్నది. గది మీ సాబుకు సూపెట్టు" అన్నది.

చూపించాను. ఈసారి ఓవర్సీరు నవ్వలేదు. జారిన చోట మళ్లీ గరికే పెట్టమన్నాడు.

బర్రె ఈనిందా? నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? తమ్ముడికి దీవెనలు. వాడితో నా గొంగడి, మన గట్టు మీది గరిక ఒక సంచెడు తడిగోనెలో చుట్టి పంపు. గట్టు పనికి రమ్మంటే తప్పించుకు తిరిగేవాణ్నని బాపుకు నా మీద ఇంకా కోపమే కదా. గరిక మాత్రం ఆయన్నే తీయమను. ఏ వేరు పట్టు వదలదో ఆయనకే తెలుసు.