ఉప్పు మంగ చేతికిచ్చాను

ఏమండీ, మన పచ్చళ్ల షెడ్డులో ఉప్పు కలిపే పని నేను చచ్చేదాకా ఎవరికీ అప్పగించనని అనేవారు. తప్పు. మీరు పోయి ఏడాది నిండిన ఇవాళ, ఇన్నేళ్లూ ముక్కలు కొట్టిన మంగకు అప్పగించాను. మనవరాలు తెచ్చే ఆర్డర్లు హైదరాబాదు దాకా పెరిగాయి. నా చేతులు మాత్రం పెరగలేదు.

వేంసూరు నుంచి వచ్చిన మామిడికాయంతా మంగ కలుపుతుంటే గుమ్మంలో నిలబడ్డాను.

"గిట్ల చూస్తే నా చెయ్యి వణుకుతది. ఇంట్లకు పోండ్రి అమ్మా."

"వణికితే ఉప్పు ఎక్కువైతదే!"

"గందుకే పొమ్మంటున్న!"

వచ్చేశాను. మూడోనాడు తిరగకలిపి రుచి చూస్తేగాని సంగతి తెలియదు. ఉప్పు తక్కువైతే ఏడాది సరుకంతా బూజే. ఇప్పటికే ఒకసారి షెడ్డుకు పోదామని చెప్పులేసుకుని, మళ్లీ విప్పాను.

బతికుండగా మీ చేతికిచ్చిందేదీ నాకు తిరిగి దొరికేది కాదు. మీ ఫొటో ముందు పెడుతున్న ఈ షెడ్డు తాళంచెవి కూడా మూడోనాటి దాకా ఎక్కడో పెట్టి మరిచిపోండి.