అమ్మ దిద్దిన కథ

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. అనంతపురంలో కలరా వచ్చింది. నేను పాఠాలు చెప్పే బడి మూసేశారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక కథ రాశాను. నవ్వకు. అందులో నీలాగే బండి తోలే మనిషి ఉన్నాడు.

అమ్మ పొయ్యిమీద తాగేనీళ్లు కాస్తూ, "ఏం రాస్తాండావే? చదువు, వింటా" అంది.

చదివాను. చారులో ఉప్పు లేదని బండాయన పెళ్లాం మీద కేకలేస్తాడు.

"మీ నాయన ఏనాడూ కేకలేయలేదు. ఉప్పు మరిచిపోతే, 'ఈ పొద్దు చారు తియ్యగుండాదే' అనేవాడు" అంటూ అమ్మ నవ్వింది. నువ్వు పోయాక ఆమె నవ్వడం ఇదే మొదలు.

ఆ మాట దిద్దుకుని చివరిదాకా చదివాను. బండాయన నీలాగే జ్వరమొచ్చి చనిపోతాడు. అమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

"రాసేది నువ్వే గదా! బతికించు" అంది.

"కథ అట్లుంటేనే బాగుంటాదమ్మా."

"బాగలేకుంటే పోనీలే. బతికించు."

ఆ కాగితం చించేశాను. కొత్త కాగితంలో నీకు చెమటపట్టి జ్వరం దిగింది. లేచి కూర్చుని, ఎద్దులకు మేత వేశారా అని అడిగావు.

నీ కూతురు