వెన్నెల కూతుర్ని అడిగాడు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఐదేళ్ళు. నువ్వు సాకిన గుర్రం వెన్నెలకు పుట్టిన వేగుచుక్క హైదరాబాదు పందేల్లో మూడోసారి గెలిచింది.

కాలు వాచింది, పరిగెత్తించొద్దని నువ్వు బతిమాలినా వినకుండా మన కామందు వెన్నెలను పందెంలోకి దింపాడు. అది కుంటిదయ్యాక, నువ్వే కట్టు సరిగా కట్టలేదని ఊరంతా చెప్పి నిన్ను వెళ్ళగొట్టాడు. దాన్ని బెజవాడ పశువుల డాక్టరుగారికి వదిలేశాడు. ఆ నింద మోస్తూనే నువ్వు పోయావు.

నిన్న ఆయనే వేగుచుక్కను కొంటానని వచ్చాడు. వంశావళి కాగితంలో తల్లి పేరు రెండుసార్లు చదివాడు. డాక్టరుగారు నన్ను చూపించి, "పెంచింది ఇతనండీ. ఇతన్నే అడగండి," అన్నారు.

"మన ఊళ్ళో, కంకిపాడు సెంటర్లో నిలబడి మా అన్న తప్పేం లేదని చెప్పండి. తర్వాత మాట్లాడదాం," అన్నాను.

ఈ పొద్దున చెప్పాడు అన్నయ్యా. టీకొట్టు ముందు, అందరూ వింటుండగా, "వాడు వద్దన్నాడు. నేనే వినలేదు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇక గుర్రాన్ని ఇస్తావా?" అని అడిగాడు.

"ఇవ్వనండీ," అన్నాను.

నువ్వైతే జాలిపడి ఇచ్చేసేవాడివి. నేను టీ చెప్పుకుని, ఆయన అంబాసిడరెక్కి వెళ్ళేదాకా అక్కడే నిలబడి తాగాను.